రంగంలో పోయాడంటే ఏ రంగం?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పాత తెలుగు కుటుంబాల్లో ఒక మాట వినబడుతూ ఉంటుంది: "మా తాత తమ్ముడొకాయన రంగంలో పోయాడు." అంతకు మించి ఎవరికీ తెలియదు. ఏ సంవత్సరమో తెలియదు, శవం రాలేదు, దినం ఏ తిథికి పెట్టాలో తెలియక మహాలయ అమావాస్యనాడు అందరితో కలిపి ఒక ముద్ద పెడతారు.

చిక్కు ఆ మాటలోనే ఉంది. ఈ వైపు తెలుగులో రంగం అంటే బర్మాలోని రంగూన్. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి కూలికి వెళ్ళిన ఊరు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగర జనంలో సగానికి పైగా భారతీయులే. రంగం అంటే యుద్ధరంగం కూడా. కాబట్టి రంగంలో పోయినవాడు బియ్యం మిల్లులో మూటలు మోస్తూ 1941 డిసెంబరు 23న జపాను బాంబులకు పోయినవాడు కావచ్చు. 1942లో కాలినడకన బర్మా నుంచి తిరిగి వస్తూ అడవిలో పడిపోయినవాడు కావచ్చు. పటాలంలో చేరి బస్రాలోనో ఇటలీలోనో ప్రాణం వదిలినవాడు కావచ్చు. ఇంకో దారి కూడా ఉంది. బర్మా, మలయాలలో ఉన్న కూలీలు, గుమాస్తాలు చాలామంది 1943 తర్వాత ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. అందులో చేరి ఇంఫాల్ దారిలో పోయినవాడినీ ఇంట్లో 'రంగంలో పోయాడు' అనే చెప్పుకుంటారు.

వీళ్ళకు కాగితం ఒకే చోట ఉండదు. కూలి చావు సైన్యం పుస్తకంలో ఉండదు. ఆజాద్ హింద్ ఫౌజు సైనికుడి పేరు బ్రిటిష్ స్మారకాల మీద ఉండదు. ఆ ఫౌజుకు సంబంధించిన 990 ఫైళ్ళను రక్షణ శాఖ 1997లో ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌కు అప్పగించింది, వెతకాల్సింది అక్కడ. బ్రిటిష్ ఇండియా సైన్యంలో పోయినవాడికి దారి వేరు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ దారి గురించే.

ఆ దారిలో మొదట మార్చుకోవాల్సిన అలవాటు ఒకటుంది. వెతకడం మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ తాత పేరు పట్టుకుని బయలుదేరతారు. పట్టుకోవాల్సింది పటాలం పేరు.

పేరు ఎందుకు దొరకదు

సైన్యం గుమాస్తాకు మన ఇంటిపేరుతో పనిలేదు. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు అనే తెలుగు వరస అతనికి అయోమయం. చాలా నమోదుల్లో ఇంటిపేరు పూర్తిగా ఎగిరిపోయి సొంత పేరు, తండ్రి పేరు మాత్రమే మిగులుతాయి. ఉదాహరణకు సిపాయి అప్పన్న, తండ్రి రామన్న, అంతే. గంజాంలో, విశాఖ జిల్లాలో అప్పన్నలు ఎంతమంది? సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఉత్తరాంధ్రలో ఏది? తవుడు, పోలయ్య, నారాయుడు, అప్పలస్వామి, అన్నీ అంతే.

ఆ పేరును కూడా ఇంగ్లిషు చెవి విన్నట్టు రాశారు. అప్పలస్వామి ఒక చోట అప్పలసామి, ఒక చోట ఆపాలసామి, మరో చోట 'అప్పల' ఒక ముక్క, 'స్వామి' ఇంకో ముక్క. మనవళ్ళ తరం వచ్చేసరికి ఇంకో పొర పడింది. బరంపురంలో ఒడియా బడిలో చదివిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాత ఒడియాలో. తాత పేరును వాళ్ళు ఒడియా ఉచ్చారణ ప్రకారం ఇంగ్లిషులోకి మార్చి వెతుకుతారు. 1916 నాటి మద్రాసు గుమాస్తా స్పెల్లింగు, ఈనాటి ఒడియా మీదుగా వచ్చిన స్పెల్లింగు కలవడం దాదాపు అసాధ్యం.

ఊరి పేరు ఇంకా మోసం చేస్తుంది. ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంతకు ముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన బరంపురం వాడు కాగితంలో 'గంజాం, మద్రాసు'. ఒడిశా అని వెతికితే ఒక్కడూ కనబడడు. తిరగేసి చూస్తే, ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వాళ్ళు కూడా ఆ రోజుల్లో గంజాం జిల్లావాళ్ళే. 1936లో ఆ తాలూకాలు విశాఖ జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. కాబట్టి ఒకే ఊరివాళ్ళు మొదటి యుద్ధంలో గంజాం వాళ్ళు, రెండో యుద్ధంలో విశాఖ వాళ్ళు. కోరాపుట్, రాయగడ ప్రాంతం 1936 వరకు విశాఖ జిల్లా ఏజెన్సీలో ఉండేది. ఇప్పటి రాయగడ, గజపతి జిల్లాలకు పుట్టిన సంవత్సరం 1992, సైన్యం పాత కాగితాల్లో అవి జిల్లాలుగా ఉండే ప్రశ్నే లేదు. భంజనగర్ అని వెతికితే దొరకదు, అప్పుడది రసెల్‌కొండ.

రెండు పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. బరంపురం ఇంగ్లిషు స్పెల్లింగే బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రానిది కూడా. ఇక కోరాపుట్ జిల్లా జయపురాన్ని జె-ఇ-వై-పి-ఓ-ఆర్-ఇ అని రాస్తారు. ఆ రోజుల్లో రాజస్థాన్ జైపూర్‌ను కూడా అలాగే రాసిన కాగితాలు కోకొల్లలు. జైపూర్ సంస్థానానికి సొంత పటాలాలు ఉండేవి కాబట్టి ఆ స్పెల్లింగుతో దొరికే వాళ్ళలో ఎక్కువమంది రాజపుత్రులే. పేరు కలిసింది, ఊరు కలిసిందని సంబరపడి వేరేవాళ్ళ తాతకు దండ వేసే ప్రమాదం ఇక్కడే. దాన్ని తప్పించేది మళ్ళీ పటాలం పేరే. ఆ పటాలంలో తెలుగువాళ్ళను తీసుకునేవారా లేదా అన్న ఒక్క ప్రశ్నతో సగం తప్పుడు దారులు మూసుకుపోతాయి.

పటాలం పేరు ఎక్కడ దొరుకుతుంది

ముందు అటక మీద వెతకాలి. మొదటి ప్రపంచయుద్ధం పతకాల అంచున చిన్న అక్షరాలతో నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. భూతద్దం పెడితే చదవొచ్చు. ఒకే పతకం రెండు లోహాల్లో వచ్చింది: బ్రిటిష్ వార్ మెడల్ పోరాడే సిపాయిలకు వెండిది, కూలి దళాల వాళ్ళకు కంచుది. వెండివి చాలామటుకు ఏ కరువులోనో కంసాలి దగ్గరికి వెళ్ళిపోయి ఉంటాయి, కంచుది మిగిలే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఉన్నది కంచుదైతే తాత తుపాకీ పట్టలేదని, పార పట్టాడని అర్థం. దాని గురించి చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు, వెతుకులాటకు అది పెద్ద ఆధారం.

పోయినవాడి కుటుంబానికి ఇంకొకటి పంపారు. 12 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి కంచు బిళ్ళ, మీద బ్రిటానియా బొమ్మ, సింహం, ఒక చదరంలో ఉబ్బెత్తు అక్షరాలతో పేరు. హోదా ఉండదు, దళం ఉండదు. చావులో అందరూ సమానమని అలా చేశారు. వెతికేవాడికి మాత్రం ఆ సమానత్వం అక్కరకు రాదు. కాకపోతే సైన్యం తాత పేరును ఏ స్పెల్లింగుతో రాసిందో ఆ బిళ్ళే చెబుతుంది, అది చిన్న సంగతి కాదు.

పింఛను కాగితాలు, మనియార్డరు రసీదులు, యూనిఫాంలో తీయించుకున్న ఫొటో, ఏది దొరికినా అందులో పటాలం గుర్తు ఉందేమో చూడాలి. భుజం మీది ఇత్తడి అక్షరాలు ఫొటోను పెద్దది చేస్తే కనబడతాయి. నంబరు ఒక్కటే దొరికితే మురిసిపోకూడదు. మొదటి యుద్ధకాలంలో ఏ పటాలం నంబర్లు ఆ పటాలానివే. 1482 అన్న నంబరు ఇరవై పటాలాల్లో ఇరవైమందికి ఉండవచ్చు. నంబరు, దళం కలిస్తేనే మనిషి.

ఇంట్లో ఏమీ లేకపోతే ఊహకు కొంత ఆధారం ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి బ్రిటిష్‌వాళ్ళు యుద్ధజాతులనే లెక్క ఒకటి పెట్టుకుని పంజాబు వైపు మళ్ళారు, మద్రాసు పటాలాలను తగ్గించుకుంటూ వచ్చారు. అందువల్ల మన వైపు మనుషులు కనబడే చోట్లు కొన్నే. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్లు (బాటలు, వంతెనలు, మందుపాతరల పని చూసే సిపాయిలు), కర్ణాటిక్ ఇన్ఫెంట్రీ పటాలాలు, రోడ్లు వేసే పయనీర్లు, ఆసుపత్రి బోయీలు, వంటవాళ్ళు, నీళ్ళు మోసే భిస్తీలు, కూలి దళాలు. రెండో యుద్ధంలో వీటికి సర్వీస్ కోర్, పయనీర్ కోర్ లాంటివి తోడయ్యాయి. వంటవాడు, బోయీ కూడా సైన్యం లెక్కలో చనిపోయినవాళ్ళే, వాళ్ళ పేర్లూ జాబితాల్లో ఉంటాయి. 'మా తాత సిపాయి' అని ఇంట్లో చెప్పుకున్నా కాగితంలో 'ఫాలోయర్' అని ఉండవచ్చు.

పటాలాలకూ ఇంటిపేర్లు మారాయి

పటాలం పేరు దొరికాక అది ఎప్పటి పేరో చూసుకోవాలి. 1903లో అప్పటి భారత సేనాధిపతి కిచెనర్ సైన్యాన్ని తిరిగి అమర్చినప్పుడు మద్రాసు పటాలాల పాత నంబర్లకు 60 కలిపారు. మద్రాసు 3వ పటాలం 63వ పాలంకోట లైట్ ఇన్ఫెంట్రీ అయింది. 1922లో మళ్ళీ మార్చారు. 75వ కర్ణాటిక్ ఇన్ఫెంట్రీ 3వ మద్రాసు రెజిమెంటు 2వ బెటాలియన్ అయింది. ఆ దశాబ్దం ముగిసేలోపు ఖర్చు తగ్గించే పేరుతో ఆ రెజిమెంటు రెగ్యులర్ బెటాలియన్లన్నీ రద్దు చేశారు. 1941లో యుద్ధావసరం తరుముకొస్తే మద్రాసు రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు. కాబట్టి 1930లలో ఆ రెజిమెంటులో రెగ్యులర్ సిపాయిగా ఉన్నాడని ఎవరైనా చెబితే అనుమానించాలి.

సాపర్ల విషయం ఇంకా తమాషా. మొదటి యుద్ధంలో వాళ్ళ అధికారిక పేరు '2వ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్'. అందులో మద్రాసు అన్న మాటే లేదు. ఆ మాట 1923లో చేరింది. మద్రాసు అని కొట్టి వెతికి, ఏమీ లేదని వదిలేసిన మనవళ్ళు ఎంతమందో.

ఈ పేరు మార్పులన్నీ పట్టించుకోవడం ఎందుకంటే, భద్రపరచిన కాగితాలన్నీ దళం పేరు మీదే పేర్చి ఉంటాయి. సిపాయి పేరు మీద పేర్చినవి తక్కువ. పంజాబు వాళ్ళకు ఒక అదృష్టం ఉంది. లాహోర్ మ్యూజియంలో దొరికిన రిజిస్టర్లలో ఊరి వారీగా 3 లక్షల 20 వేల మంది మొదటి యుద్ధ సైనికుల వివరాలు ఉన్నాయి, 2021లో వాటిని అంతర్జాలంలో అందరికీ అందుబాటులో పెట్టడం మొదలైంది. ఊరి పేరు కొడితే ముత్తాత వస్తాడు. మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్ళలో అక్కడక్కడ మిగిలింది పాలరాతి పలకలు: 1914-1919 మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. అంకెలే, పేర్లు లేవు.

కమిషన్ జాబితా చదివే తీరు

చనిపోయిన వాళ్ళ విషయంలో అన్నిటికన్నా ముందు తెరవాల్సింది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా. 1917లో మొదలైన సంస్థ, రెండు యుద్ధాలకూ కలిపి సుమారు 17 లక్షల పేర్లు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మొదటి యుద్ధంలో అవిభక్త భారత్ నుంచి వెళ్ళిన సుమారు 13 లక్షల మందిలో దాదాపు 74 వేలమంది, రెండో యుద్ధంలో సుమారు 87 వేలమంది చనిపోయారు. గుండు తగిలితేనే లెక్క అని కాదు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు సైన్యం కొలువులో ఉంటూ జ్వరంతో పోయినా, లారీ బోల్తా పడి పోయినా లెక్కలోకి వస్తారు. బెంగళూరు డిపోలో విషజ్వరంతో పోయిన రంగరూటుకూ అందులో చోటుంది.

అక్కడ కూడా పేరుతో కాకుండా ఊరితో వెతకడం మేలు. అదనపు సమాచారం అనే గడి ఒకటుంటుంది. అందులో గంజాం, పర్లాకిమిడి, విశాఖపట్నం పాత స్పెల్లింగులు ఒక్కొక్కటే వేసి, భారత సైన్యం అని ఎంచుకుని, వచ్చిన జాబితా మొత్తం దించుకుని తీరిగ్గా చదవాలి. ఫలానావారి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు అని ఆ గడిలో ఉన్నప్పుడు మన ఇంటి కథతో పోల్చుకోవడం తేలిక. రెండో యుద్ధం నమోదుల్లో తల్లి పేరు, భార్య పేరు కూడా తరచు కనబడతాయి. తాతకన్నా నాయనమ్మ పేరుతో గుర్తుపట్టడం సులువైన సందర్భాలు ఉంటాయి, ఎందుకంటే ఇంట్లో ఆమె చాలాకాలం బతికి ఉంది కాబట్టి ఆమె పేరు పిల్లలకు సరిగ్గా తెలుసు.

స్మారకం ఏదో చూస్తే యుద్ధం ఏదో తెలిసిపోతుంది. బస్రా అయితే మెసొపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్. నవ్ షపెల్ అయితే ఫ్రాన్సు, అక్కడ 4,700కు పైగా భారతీయుల పేర్లున్నాయి. తవుక్యాన్‌లోని రంగూన్ స్మారకం అయితే బర్మా, దాదాపు 27 వేల పేర్లు. క్రాంజీ అయితే సింగపూర్, మలయా. సమాధి లేదంటే ఆచూకీ లేకుండా పోయాడని అనుకోకూడదు. హిందువులను, సిక్కులను దహనం చేసేవారు. కొహిమాలో దహన స్మారకం మీద 917 మంది పేర్లున్నాయి, అవి లెక్కా పత్రంతో సాగనంపిన వాళ్ళవే.

ఇంతా చెప్పాక ఒక చేదు సంగతి. బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికులకు పేర్లు చెక్కారు, మామూలు భారతీయ సిపాయిలకు పటాలం వారీగా అంకె చెక్కి ఊరుకున్నారు. కమిషనే వేసుకున్న కమిటీ 2021 ఏప్రిల్‌లో నివేదిక ఇస్తూ, మొదటి యుద్ధంలో 45 వేల నుంచి 54 వేలమందిని, ఎక్కువగా భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లను, మిగతావారితో సమానంగా స్మరించలేదని ఒప్పుకుంది. ఇండియా గేట్ 70 వేలమంది కోసం కట్టిందే అయినా దాని మీద చెక్కిన పేర్లు 13 వేల పైచిలుకు. రాతి మీద లేనంత మాత్రాన రాతలో లేడని కాదు, జాబితాలో చూడాలి.

డైరీలో తాత పేరు ఉండదు

దళం, తేదీ, ప్రాంతం తెలిశాక అసలైన కాగితం దగ్గరికి వెళ్ళొచ్చు. అదే యుద్ధ డైరీ. యుద్ధంలో ఉన్న ప్రతి దళమూ రోజూ ఏం చేసిందో ఒక ఫారం మీద రాయాలి: చోటు, తేదీ, వేళ, జరిగింది. ఎక్కువగా అడ్జుటెంటు, అంటే దళాధిపతి తరఫున కాగితం పనులు చూసే ఆఫీసరు, రాసేవాడు. మొదటి యుద్ధం డైరీలు లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. 95 అనే వరసలో ఉన్నాయి. రెండో యుద్ధానివి మధ్యప్రాచ్యం 169, ఇటలీ వైపు 170, బర్మా వైపు 172 వరసల్లో ఉన్నాయి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ మొదటి యుద్ధం నాటి డైరీలున్నాయి. అవి దండయాత్ర అక్షరాల ప్రకారం ఉంటాయి: 'ఎ' అంటే ఫ్రాన్సు, 'బి', 'సి' తూర్పు ఆఫ్రికా, 'డి' మెసొపొటేమియా. అభిలేఖ్ పటల్ అనే పోర్టల్లో కొంత ఇంటి నుంచే వెతుక్కోవచ్చు.

ఇప్పుడు నిరాశ కలిగించే మాట. ఆ డైరీలో తాత పేరు ఉండదు. ఇంగ్లిషు ఆఫీసరు పడితే పేరు రాస్తారు, సుబేదారు పడితే కొన్నిసార్లు రాస్తారు, సిపాయిలు పడితే అంకె. ఇద్దరు మృతి, ఐదుగురికి గాయాలు. అంతే. ఇక్కడే చాలామంది డైరీ మూసేస్తారు. నిజానికి చదవడం ఇక్కడే మొదలవ్వాలి. జాబితా ప్రకారం ఆ దళంలో ఆ తేదీన పోయినవాళ్ళు ఇద్దరే అయి, అందులో ఒకరు మన తాతయితే, డైరీలోని ఆ 'ఇద్దరు'లో ఆయన ఉన్నాడు. పేరు ఒక కాగితం ఇస్తుంది, చావు ఇంకో కాగితం ఇస్తుంది. రెంటినీ తేదీతో కుట్టాలి.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. గంజాం జిల్లా సాపరు ఒకడు, 12వ ఫీల్డ్ కంపెనీ, మద్రాసు సాపర్లు, 1944 ఫిబ్రవరి మూడో వారం, ఇటలీ అని జాబితాలో తేలిందనుకుందాం. ఆ కంపెనీ 4వ భారత డివిజన్‌లోది. ఆ వారంలో డివిజన్ కాసినో కొండ మీది మఠం కోసం పోరాడుతోంది. సాపర్ల పని దాడి చేయడం కాదు. మందుపాతరలు తీయడం, కంచరగాడిదలు నడిచే బాటను జీపు ఎక్కేలా వెడల్పు చేయడం, అదీ రాత్రిపూట, శత్రువు ఫిరంగి కింద. డైరీలో ఆ రాత్రికి ఎదురుగా ఏ బాట మీద ఎన్ని ప్లటూన్లు, ఎన్ని గజాలు, షెల్లింగు ఎంతసేపు అని ఉంటే, తాత చివరి రాత్రి కళ్ళకు కడుతుంది. వాన పడిందా, మంచు పడిందా అన్నది కూడా రాసే ఆఫీసర్లుంటారు. 'యుద్ధంలో పోయాడు' అన్న మాటకు, 'వానలో బాట వేస్తూ పోయాడు' అన్న మాటకు ఇంట్లో వినేవాళ్ళకు ఎంత తేడా!

అదే డివిజన్‌కు చెందిన మద్రాసు సాపర్ల 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ సుబేదారు సుబ్రమణ్యం ఆ ఫిబ్రవరి 24న పేలబోతున్న మందుపాతర మీద పడి తోటివాళ్ళను కాపాడి చనిపోయారు. జార్జ్ క్రాస్ వచ్చింది కాబట్టి ఆ క్షణాలన్నీ ప్రశంసాపత్రంలో నమోదయ్యాయి. పతకం రానివాళ్ళ క్షణాలను డైరీ నుంచి మనమే ఏరుకోవాలి.

దళం డైరీ పోతే, లేదా ఆ రోజు ఒక్క వాక్యంతో సరిపెడితే, ఒక మెట్టు పైకి వెళ్ళాలి. బ్రిగేడ్ డైరీ, డివిజన్ డైరీ, సాపర్లయితే డివిజన్ ఇంజనీర్ల అధిపతి డైరీ. అనుబంధాలను వదలకూడదు. ఆర్డర్లు, చేత్తో గీసిన పటాలు, అరుదుగా మృతుల జాబితాలు వాటిలోనే ఉంటాయి. తాత పోయిన తేదీన దళంలో ఎవరూ పోలేదని డైరీ చెబితే కంగారు పడక్కర్లేదు. జాబితాలోది ప్రాణం పోయిన తేదీ, డైరీది గాయపడిన తేదీ. నాలుగు రోజులో నెలో వెనక్కి లెక్కపెట్టి చూడాలి. ఆసుపత్రుల డైరీలు వేరే ఉంటాయి, ఫీల్డ్ అంబులెన్సు డైరీ కూడా. మెసొపొటేమియాలో గుళ్ళకన్నా రోగాలే ఎక్కువమందిని తిన్నాయి కాబట్టి మన వాళ్ళ చివరి చిరునామా చాలాసార్లు ఆసుపత్రి గుడారమే.

ఖైదీ అయినవాళ్ళకు ఇంకో చోటు ఉంది. మొదటి యుద్ధం ఖైదీల జాబితాలను అంతర్జాతీయ రెడ్‌క్రాస్ అంతర్జాలంలో పెట్టింది. 1916 ఏప్రిల్ 29న మెసొపొటేమియాలోని కూత్ పట్టణంలో ముట్టడిలో ఉన్న బ్రిటిష్ దండు లొంగిపోయినప్పుడు పట్టుబడినవాళ్ళు సుమారు 13 వేలమంది. ఆ తేదీ తర్వాత ఇరాక్, టర్కీ వైపు పోయిన మనిషైతే అక్కడ తప్పక చూడాలి.

డైరీ రాసినవాడి చూపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర 63వ పాలంకోట పటాలం, 61వ పయనీర్లు ఉన్న దండు చిత్తుగా ఓడింది. ఆ రోజు తేనెటీగలు కూడా దాడి చేశాయి. ఇంగ్లిషు రాతల్లో ఆ ఓటమికి మద్రాసు సిపాయిల పిరికితనాన్ని కారణంగా చూపినవి ఉన్నాయి. వారాల తరబడి ఓడలో కుక్కి తెచ్చి, ముందు సమాచారం లేకుండా దించి, శత్రువుకు చాలినంత వ్యవధి ఇచ్చిన సేనాపతులు తమ తప్పును తామే రాసుకుంటారా? మన తాత ఏ పటాలంలో ఉన్నా, ఆ పటాలం గురించి పై అధికారి రాసిన తిట్టును సాక్ష్యంగా తీసుకోవాలి, తీర్పుగా తీసుకోకూడదు.

1947 తర్వాత పోయినవాళ్ళు

ఇక్కడ వెతుకులాట పొట్టిది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం త్యాగచక్రంలో స్వాతంత్ర్యం తర్వాత పోయిన 25 వేలమందికి పైగా సైనికుల పేర్లు గ్రానైటు పలకల మీద ఉన్నాయి, దళంతో సహా. సర్వీసు కాగితాలు దళాన్ని బట్టి రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి: సాపర్లకు బెంగళూరు, మద్రాసు రెజిమెంటుకు వెల్లింగ్టన్, ఫిరంగి దళానికి నాసిక్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, యంత్రాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈ దళానికి సికింద్రాబాద్. గోపాల్‌పూర్ దగ్గర సైన్యం కాలేజీ ఉంది కదా అని అక్కడ అడగడం వల్ల ప్రయోజనం లేదు, అది శిక్షణ ఇచ్చే చోటు. కుటుంబ పింఛను ఉత్తర్వు మీద నంబరు, దళం రెండూ ఉంటాయి. ఆ కాగితం నకలు, బంధుత్వం రుజువు జతచేసి మామూలు ఉత్తరం రాయడమే మొదటి అడుగు. సమాచార హక్కు దరఖాస్తు ఆ తర్వాత. అడిగేటప్పుడు 'మా తాత వివరాలన్నీ' అనకుండా షీట్ రోల్ (సైనికుడి సర్వీసు చిట్టా), ఆయన మరణాన్ని ప్రకటించిన పార్ట్ టూ ఆర్డరు అని పేరు పెట్టి అడిగితే అవతలి గుమాస్తాకు ఏ బీరువా తెరవాలో తెలుస్తుంది. ఆలస్యం మాత్రం చేయకూడదు, గడువు దాటిన సర్వీసు కాగితాలను తీసేసే పద్ధతి సైన్యంలో ఉంది.

డైరీల విషయంలో 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక విధానం ప్రకటించింది. దాని ప్రకారం మామూలుగా 25 ఏళ్ళకు రికార్డుల గోప్యత తీసేయాలి, పాతవాటిని నిపుణులు చూసి నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలి. 1962, 1971 యుద్ధాల్లో పోయినవాళ్ళ మనవళ్ళకు ఇది పనికొచ్చే మాటే, అమలు నెమ్మదిగా నడుస్తుందనుకోవడం మంచిది.

తేదీ చేతికొచ్చాక

ఇంటికి చివరికి కావలసింది చాలాసార్లు ఒక్క తేదీ. ఇంగ్లిషు తేదీ దొరికితే ఆ సంవత్సరం పంచాంగం చూసి తిథి కట్టుకోవచ్చు, పురోహితుడికి అది పెద్ద పని కాదు. కానీ ఆ తేదీ ఎలాంటిదో ముందు చూసుకోవాలి. ఆసుపత్రిలో పోయినవాడి తేదీ గట్టిది. ఆచూకీ లేకుండా పోయినవాడికి సైన్యం వేసేది పోయాడని భావించిన తేదీ, ఆ రోజే పోయాడని కాదు. సింగపూర్ లొంగిపోయిన 1942 ఫిబ్రవరి 15 లాంటి తేదీ ఎదురైతే ఆ పటాలంలో అదే తేదీ ఇంకెంతమందికి ఉందో లెక్కపెట్టాలి. పదుల మందికి ఉంటే అది లెక్క మూసిన రోజు. అలాంటి తాతకు మహాలయ అమావాస్యే సరైన రోజు. ఇంట్లో ముసలావిడ ఇన్నాళ్ళూ పెట్టింది ఆ రోజే.